చేసింది తప్పే, అయినా ఆ పిల్ల మీద కోపం రావట్లేదు: క్రైమ్ థ్రిల్లర్ల మీద మీ ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి. పదహారు పదిహేడేళ్ళ పిల్లలు హీరోలుగా ఉండే క్రైమ్ థ్రిల్లర్లు, అందులో ఆ పిల్లలకి తగిలే దెబ్బలు, దెబ్బ తిన్నాక వాళ్ళు చేసే పనులు. కొంతమంది పాఠకులు, కొంతమంది ఇలాంటివి రాస్తున్నవాళ్ళు, ఒకమ్మ అయితే కూతురు చదువుతుందని కంగారు పడుతూ రాశారు. అందుకే ఈసారి కాలమ్ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నా, మిగతా ప్రశ్నలు వచ్చే నెల.

ప్రశ్న: అక్కా, నేను ఇంజినీరింగ్ ఫైనలియర్, ఒక థ్రిల్లర్ సిరీస్ రాస్తున్నా. మొదటి భాగంలో నా హీరోయిన్ ఒక పాత కేసు తవ్వుతూ హంతకుడికి దొరికిపోతుంది, వాడు ఒక రాత్రంతా స్టోర్ రూంలో పెట్టి తాళం వేస్తాడు, ఎలాగో బయటపడి వాణ్ణి పట్టిస్తుంది. రెండో భాగం మూడు నెలల తర్వాత మొదలవుతుంది, కొత్త కేసు. ఫ్రెండ్స్ చదివి "అంత జరిగాక ఏమీ కానట్టు ఉందేంటి ఈ పిల్ల" అన్నారు. సరే అని ఏడుపు సీన్లు పెడితే బోర్ కొడుతోంది అన్నారు. ఏం చెయ్యాలి?

జవాబు: నీ ఫ్రెండ్స్ రెండుసార్లూ సరిగ్గానే చెప్పారు తమ్ముడూ. ఏడుపు సీన్ ఎందుకు బోర్ కొడుతుందంటే అక్కడ కథ ఆగిపోతుంది, ఆ పిల్ల ఏడుస్తుంది, ఎవరో ఓదారుస్తారు, మళ్ళీ కథ మొదలవుతుంది, అంటే ట్రామా ఒక పక్కన కేసు ఒక పక్కన నడుస్తున్నాయి. అవి రెండూ కలిసిపోవాలి. ఆ రాత్రి వల్ల ఆ పిల్ల ఈ కేసుని వేరేలా చూడాలి, వేరే నిర్ణయాలు తీసుకోవాలి, కొన్ని తప్పు నిర్ణయాలు కూడా.

పీటీఎస్‌డీ, అంటే పెద్ద దెబ్బ తగిలాక మనసుని వదలకుండా పట్టుకునే జబ్బు, అధికారికంగా జబ్బుల లిస్టులోకి ఎక్కింది 1980లో, అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ మాన్యువల్ మూడో ఎడిషన్‌తో. 2013లో వచ్చిన ఐదో ఎడిషన్‌లో లక్షణాల్ని నాలుగు గుంపులుగా పెట్టారు. జరిగింది వద్దన్నా గుర్తు రావడం, దాన్ని గుర్తు చేసేవాటి నుంచి తప్పించుకు తిరగడం, ఆలోచనల తీరూ, మూడ్ కూడా మారిపోవడం, శరీరం ఎప్పుడూ అలర్ట్‌గా ఉండటం. ఇవి నెలకి మించి ఉండి రోజువారీ బతుకుని దెబ్బతీస్తుంటేనే ఆ పేరు పెడతారు, కాబట్టి నువ్వు తీసుకున్న మూడు నెలల గ్యాప్ బాగానే సరిపోతుంది. అందరికీ అన్నీ ఒకేలా రావు, అసలు అంత జరిగినా చాలామందికి పీటీఎస్‌డీ రాదు, కాబట్టి లిస్టు ముందు పెట్టుకుని ఒక్కోటి టిక్కు పెట్టినట్టు రాయొద్దు.

నేనైతే మూడో గుంపు దగ్గర ఎక్కువసేపు కూర్చుంటా. రైటర్లందరూ పీడకలలూ ఉలికిపాటూ రాసేసి దీన్ని వదిలేస్తారు. "తప్పంతా నాదే" అనుకోవడం, మనుషులెవర్నీ నమ్మకపోవడం, ఇష్టమైన పని మీద ఆసక్తి పోవడం, అందరికీ దూరంగా ఉన్నట్టు అనిపించడం ఇవన్నీ ఈ గుంపులోవే. డిటెక్టివ్ కథకి ఇంతకన్నా ఏం కావాలి చెప్పు, మనుషుల్ని చదవడమే ఆ పిల్ల టాలెంట్, ఇప్పుడు ఆ టాలెంటే దెబ్బతింది. ప్రతివాడూ అనుమానంగానే కనబడతాడు. అందులో ఒకడు నిజంగా దోషి, మిగతావాళ్ళు కాదు, తనకి తేడా తెలియట్లేదు, ఆ విషయం తనకి తెలియట్లేదని కూడా తెలియట్లేదు.

నీ కథనే తీసుకుని ఒక చిన్న ముక్క రాసి చూపిస్తా:

"లెక్చరర్ వచ్చి టేబుల్ మీద తాళాల గుత్తి పడేశాడు. తర్వాత చూసేసరికి బోర్డు నిండిపోయి ఉంది. నోట్‌బుక్‌లో మొదటి లైను సగంలో ఆగింది. పక్కమ్మాయి ఏదో అడుగుతోంది, మొహం చూస్తే రెండోసారో మూడోసారో అడుగుతున్నట్టుంది. పెన్ను. ఇచ్చేసింది. అరచేతిలో క్యాప్ అచ్చు ఎర్రగా దిగి ఉంది. బెల్లు కొట్టాక అందరూ వెళ్ళిపోయారు, తను బ్యాగ్ సర్దుతున్నట్టు కూర్చుంది, లెక్చరర్ ఆ గుత్తి జేబులో వేసుకుని వెళ్ళాక లేచింది."

ఇందులో భయం అన్న మాట లేదు, స్టోర్ రూం ఊసు లేదు, మొదటి భాగం చదివినవాళ్ళకి తాళాల చప్పుడు చాలు. ఇప్పుడు దీన్ని కేసులోకి లాగు. పది చాప్టర్ల తర్వాత ఒక సాక్షి మాట్లాడుతూ మాట్లాడుతూ తాళాలు చేతిలో తిప్పుతుంటాడు, ఆ రెండు నిమిషాలు నీ హీరోయిన్‌కి ఏమీ వినబడదు, మళ్ళీ అడగటానికి మొహం చెల్లదు, ఎందుకంటే అడిగితే తను బాగాలేనని ఫ్రెండ్‌కి తెలిసిపోతుంది, కేసు నుంచి తప్పిస్తారు. అందుకని ఆయన చెప్పిందేమిటో ఊహించి నోట్ చేసుకుంటుంది. ఆ ఊహ వల్ల ఒక అమాయకుడి పేరు బయటికొస్తుంది. చూశావా, ఇక్కడ ఆ పిల్ల బాధితురాలే, ఇంకొకరికి అన్యాయం చేసింది కూడా తనే. వాటిలో ఏ ఒక్కదాన్నీ తగ్గించకుండా రాయగలిగితే నీ రెండో భాగం మొదటిదానికన్నా చాలా పైన ఉంటుంది.

ఇంకోటి, చివర్లో ఒక్క కౌన్సెలింగ్ సీన్ పెట్టి నయం చేసెయ్యకు. ట్రామా కోసం ప్రత్యేకంగా చేసే థెరపీలు ఉన్నాయి, అవి బాగా పనిచేస్తాయి కూడా, కానీ వారాల తరబడి నడుస్తాయి, మధ్యలో మానెయ్యాలనిపిస్తుంది. థెరపీ చూపించాలనుంటే మధ్యలో మానేసి మళ్ళీ వెళ్ళిన రోజు చూపించు.

ప్రశ్న: సినిమాల్లో ఫ్లాష్‌బ్యాక్ మొత్తం సీను సీనుగా వస్తుంది కదా, నిజంగా అలాగే గుర్తొస్తుందా? నవలలో అలా రాయొచ్చా?

జవాబు: సినిమా ఫ్లాష్‌బ్యాక్ ప్రేక్షకుడికి కథ చెప్పడానికి వాడే పద్ధతి, అందుకే వరసగా, నీట్‌గా ఉంటుంది. ట్రామాలో వచ్చేది ఎక్కువగా ముక్కలే. ఒక వాసన, చెయ్యి మీద ఒక బరువు, ఒక గొంతు, చుట్టూ ఏమీ లేకుండా ఆ ముక్క ఒక్కటే, అదీ గతంలో జరిగినట్టు కాదు ఇప్పుడు జరుగుతున్నట్టు. చిన్న చిన్న వివరాలు మహా క్లియర్‌గా గుర్తుండి, ముఖ్యమైనవి అసలు గుర్తుండకపోవచ్చు. తుపాకీ చూపించి బెదిరిస్తే చాలామంది కళ్ళు ఆ తుపాకీకే అతుక్కుపోతాయి, పట్టుకున్నవాడి మొహం సరిగ్గా చెప్పలేరు, దీని మీద సైకాలజీలో బోలెడు ప్రయోగాలు జరిగాయి. కాబట్టి నవలలో రాయొచ్చు, కానీ ఎనిమిది పేజీల క్లీన్ ఫ్లాష్‌బ్యాక్ రాసి చివర్లో హంతకుడి మొహం కనబడినట్టు పెడితే అది ట్రామా కాదు, సీసీటీవీ ఫుటేజ్. ఆ సౌకర్యం నీ పాత్రకి లేదు.

ప్రశ్న: మేడమ్, ఈమధ్య ఒక థ్రిల్లర్ చదివాను. హీరోకి పదిహేడేళ్ళు. వాళ్ళక్కని బ్లాక్‌మెయిల్ చేసి ఆమె చావుకి కారణమైనవాడు సాక్ష్యాల్లేక బయటికొచ్చేస్తాడు. చివర్లో ఇద్దరూ పెనుగులాడుతూ చెరువులో పడతారు, హీరో ఒడ్డుకొచ్చేస్తాడు, వాడికి ఈత రాదు, చెయ్యి చాపుతాడు, హీరో చూస్తూ నిలబడతాడు. తర్వాత పోలీసులతో "చీకట్లో కనబడలేదు" అంటాడు. చదువుతున్నంతసేపూ "అలాగే జరగాలి వాడికి" అనుకున్నా. పుస్తకం మూసాక మాత్రం ఏదోలా అయిపోయింది, రెండు రోజులు మనసు బాలేదు. నాలో ఏమన్నా లోపం ఉందా?

జవాబు: లేదమ్మా, ఏ లోపమూ లేదు. చదివేటప్పుడు సంతోషించిన మీరూ నిజమే, మూసాక ఇబ్బంది పడిన మీరూ నిజమే. ఆ రైటర్ మీ చేత ఆ రెండూ చేయించగలిగారంటే పుస్తకం తన పని తను చేసినట్టే.

మీ ఇబ్బంది ఎక్కణ్ణుంచి వచ్చిందో కాస్త విడదీసి చూద్దాం. ఆ కుర్రాడు వాణ్ణి ముంచలేదు, చెయ్యి ఇవ్వలేదంతే. మునిగేవాణ్ణి కాపాడకపోవడం నేరమా అంటే లోకంలో ఒకటే జవాబు లేదు. ఇంగ్లాండ్ పద్ధతి న్యాయం ఉన్న చాలా చోట్ల, ముక్కూమొహం తెలియనివాణ్ణి కాపాడాలన్న బాధ్యత మామూలుగా చట్టం పెట్టదు. జర్మనీలో అలా కాదు, వాళ్ళ శిక్షాస్మృతి 323సి ప్రకారం సాయం చేయగలిగీ చేయకపోతే ఏడాది వరకు జైలు పడొచ్చు. ఫ్రాన్స్‌లో 223-6 కింద ఐదేళ్ళ వరకు ఉంది. అయితే కాపాడే బాధ్యత లేదనే చోట కూడా ఒక మెలిక ఉంది, ఆ ప్రమాదాన్ని తెచ్చిపెట్టింది నువ్వే అయితే నీకు బాధ్యత వచ్చేస్తుంది. అంటే మీ కథలో అసలు ప్రశ్న గట్టు మీద నిలబడ్డ క్షణం కాదు, అంతకుముందు ఇద్దరూ నీళ్ళలో ఎలా పడ్డారన్నది. వాడు లాగాడా, ఈ కుర్రాడు తోశాడా? ఒకసారి ఆ పేజీ మళ్ళీ తీసి చూడండి. రైటర్ అక్కడ కావాలనే మసకగా రాసి ఉంటే, ఆ మసక అంతా లెక్కేసి పెట్టిందే. రాయడం రాక మసకగా ఉంటే వేరే సంగతి, అది కూడా మీకు చదివితే తెలిసిపోతుంది.

ఇక ఆ కుర్రాడి లోపల ఏం జరుగుతుందన్నది. దీనికి సైకాలజీలో మోరల్ ఇంజురీ అని ఒక మాట వాడతారు. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకి ట్రీట్‌మెంట్ ఇచ్చిన జోనథన్ షే అనే సైకియాట్రిస్ట్ 1990ల్లో దీని గురించి రాశారు. ఆయన ముఖ్యంగా చూసింది ఏంటంటే, ప్రాణాల మీదకి వచ్చిన టైంలో, అధికారం చేతిలో ఉన్నవాళ్ళు న్యాయానికి ద్రోహం చేస్తే మనిషి లోపల ఏదో తెగిపోతుంది అని. తర్వాత 2009లో బ్రెట్ లిట్జ్, ఆయనతో పనిచేసినవాళ్ళు దీన్ని ఇంకో వైపుకి పెంచారు, తన మనస్సాక్షికి విరుద్ధమైన పని తను చేసినా, ఆపగలిగీ ఆపకపోయినా, కళ్ళారా చూసినా గాయం అవుతుంది అని. మీ హీరోకి ఇవి రెండూ జరిగాయి. ముందు వ్యవస్థ వాణ్ణి వదిలేసింది, అది మొదటి గాయం. తర్వాత తను చెయ్యి ఇవ్వలేదు, అది రెండోది. మొదటి గాయానికి మందు అనుకుని రెండోది తనకి తనే చేసుకున్నాడు. మీకు ఏదోలా అయింది అక్కడే అనుకుంటున్నా.

నాకు ఇలాంటి పుస్తకాల మీద ఒకటే కంప్లయింట్, చాలావరకు ఆ క్షణంతో అయిపోతాయి. విలన్ చచ్చాడు, రెండు పేజీల ఎపిలోగ్, శుభం. దోస్తోయెవ్స్కీ 1866లో 'నేరం-శిక్ష' రాసినప్పుడు హత్య మొదటి భాగంలోనే అయిపోతుంది, ఇంకా ఐదు భాగాలూ ఒక ఉపసంహారం మిగిలి ఉంటాయి. అదీగాక చంపాలనుకున్న ముసలావిడతోపాటు, ఆ టైంకి ఇంటికొచ్చిన ఆమె చెల్లెలు లిజవెతాని కూడా ఆ నవల హీరో రస్కోల్నికోవ్ చంపేస్తాడు. ముసలావిడ గురించి రస్కోల్నికోవ్ దగ్గర బోలెడు థియరీ ఉంది, పీడించే మనిషి, పోతే లోకానికి మంచిది అని. లిజవెతాకి ఏ థియరీ లేదు. ఇప్పుడు రాస్తున్నవాళ్ళు కూడా తమ హీరో చేసిన పనిలో ఇలాంటి లెక్కకి అందని మనిషి ఎవరో వెతకాలి. మీ కథలో ఆ మునిగినవాడికి తల్లి ఉందా? ఆమెకి కొడుకు చేసిన పనులు తెలుసా? "చీకట్లో కనబడలేదు" అన్న కుర్రాడి దగ్గరికే వచ్చి "చివర్లో ఏమన్నా అన్నాడా బాబూ" అని అడిగితే వీడు ఏం చెప్తాడు? నేను ఆ సీన్ కోసం ఆ పుస్తకం కొంటాను.

ప్రశ్న: నాకిప్పుడు ముప్పై దాటాయి. చిన్నప్పుడు ఇంట్లో చాలా హింస చూశాను, పడ్డాను. థ్రిల్లర్లంటే ప్రాణం, కానీ చివరి పాతిక పేజీల్లో హంతకుడు దొరికాక "చిన్నప్పుడు వాళ్ళ నాన్న కొట్టేవాడు" అని వస్తుంది చూడండి, ప్రతిసారీ పుస్తకం విసిరెయ్యాలనిపిస్తుంది. నా ఫ్రెండ్ "అది విలన్ మీద జాలి కలిగించడానికే కదా, మంచిదేగా" అంటాడు. నేను అతిగా ఆలోచిస్తున్నానా?

జవాబు: అతిగా కాదండి, మీరు చెప్పింది నూటికి నూరుపాళ్ళూ సబబు. ఈ ఉత్తరం చదివాక నేను చాలాసేపు వేరే పని చేయలేకపోయాను.

చిన్నప్పుడు దెబ్బలు తిన్నవాళ్ళలో ఎక్కువమంది ఎవర్నీ చంపరు, కొట్టరు. పిల్లల్ని గట్టిగా కోప్పడటానికి కూడా భయపడుతూ బతికేవాళ్ళు ఎంతమందో. చిన్ననాటి హింస వల్ల తర్వాత హింస చేసే అవకాశం కొంత పెరుగుతుందని పరిశోధనలు చెప్పే మాట నిజమే, కానీ అవకాశం పెరగడం వేరు, అదే కారణమని ఆఖరి పేజీలో తేల్చెయ్యడం వేరు. ఇక మీ ఫ్రెండ్ చెప్పిన జాలి సంగతి. ఆ జాలి హంతకుడి మీద వస్తుంది సరే, ఆ పుస్తకం చదువుతున్న, అలాంటి ఇంట్లోంచే వచ్చిన పదిహేనేళ్ళ పిల్లాడికి ఏం వస్తుంది? "అయితే నేనూ ఇలా అయిపోతానా" అన్న భయం వస్తుంది. ఎదిగే పిల్లల కోసం రాసే పుస్తకంలో ఆ భయం పెట్టి వెళ్ళిపోవడం నాకు చాలా పెద్ద తప్పుగా అనిపిస్తుంది.

రాసేవాళ్ళకి నేను చెప్పేది ఒకటుంది, విలన్‌కి ఒక గతం ఇస్తే అదే గతం ఉన్న ఇంకో మనిషిని కూడా కథలో పెట్టండి. అదే ఇంట్లో పెరిగిన చెల్లెలో తమ్ముడో, అవే దెబ్బలు తిని వేరే దారిలో వెళ్ళినవాళ్ళు. అప్పుడు గతం కారణాల్లో ఒకటి అవుతుంది, మిగతాది వాడు తీసుకున్న నిర్ణయం అవుతుంది, ప్రశ్న పాఠకుడి చేతికొస్తుంది. ఆ చెల్లెలు అన్నని ఇంకా ప్రేమిస్తూ కూడా పోలీసులకి ఫోన్ చేస్తే, ఆ ఒక్క ఫోన్ కాల్‌లో ఉండే సంఘర్షణ ముందు హంతకుడి లెక్చర్ ఎంత?

మీకొక మాట. పుస్తకం సగంలో విసిరేసే హక్కు మీకుంది. అందరూ మెచ్చుకున్నారని పూర్తి చేయక్కర్లేదు. చదివాక నిద్ర పట్టకపోవడం, పాతవి తిరగబెట్టడం ఎక్కువైతే మాత్రం ఒంటరిగా మొయ్యకండి, ఎన్నేళ్ళ తర్వాతైనా సరే మాట్లాడటానికి మంచి సైకాలజిస్టులు ఉన్నారు.

ప్రశ్న: మా పాపకి పద్నాలుగేళ్ళు. ఎప్పుడు చూసినా హత్యలు, కిడ్నాపుల పుస్తకాలే. ఒకటి తిరగేస్తే హీరోయినే అబద్ధాలు చెప్తోంది, సాక్ష్యాలు దాచేస్తోంది. మా రోజుల్లో పిల్లల పుస్తకాలు ఇలా ఉండేవి కాదు. ఆపేయమంటారా?

జవాబు: ఆపకండమ్మా. ఆపితే దాచుకుని చదువుతుంది, అప్పుడు ఏం చదువుతుందో మీకు తెలిసే దారి కూడా పోతుంది.

పిల్లల కోసం రాసిన చీకటి కథలు కొత్త కూడా కాదు. అమెరికాలో టీనేజర్ల సాహిత్యానికి మలుపు అని చెప్పుకునే 'ది అవుట్‌సైడర్స్' 1967లో వచ్చింది, గ్యాంగ్ గొడవలు, అందులో ఒక కుర్రాడు ఫ్రెండ్‌ని కాపాడబోయి ఇంకొకణ్ణి చంపడం, పారిపోవడం, అంతా అందులో ఉంది. రాయడం మొదలుపెట్టినప్పుడు రచయిత్రి ఎస్.ఇ. హింటన్ వయసు పదిహేనేళ్ళు. పెద్దవాళ్ళు పిల్లలకి చీకటి చూపించడం కాదు, ఒక పిల్ల తను చూసింది తనే రాసింది.

హీరోయిన్ అబద్ధం చెప్తోందని కాదు మీరు చూడాల్సింది, ఆ అబద్ధానికి కథలో ఏమవుతోంది అన్నది. ఎవరి మీద పడింది, ఫ్రెండ్‌కి తెలిసినప్పుడు ఏమైంది, ఆ పిల్ల తనని తను చూసుకునే తీరు మారిందా. ఇవన్నీ ఉంటే మీ పాప ఒక కష్టమైన ప్రశ్నతో కూర్చుని ఉందన్నమాట, అది మంచిదే. అదే అబద్ధం చెప్పి గెలిచేసి అందరూ మెచ్చుకుంటే, అప్పుడు మాట్లాడండి. నీతి చెప్పొద్దు, "ఆ పోలీసాయన స్థానంలో నువ్వుంటే నమ్మేదానివా" అని అడగండి, పద్నాలుగేళ్ళ పిల్లలు ఇలాంటివాటి మీద గంటసేపు వాదిస్తారు.

ఒక్క చోట మాత్రం గట్టిగా ఉంటాను. ఆత్మహత్య గురించి రాసేటప్పుడు ఎలా చేసుకున్నారో వివరంగా రాయొద్దనీ, దాన్ని గొప్ప చేసి చూపించొద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ మీడియాకి సూచనలిచ్చింది. నవలకి కూడా అదే గీటురాయి పెట్టండి. పద్ధతి వివరంగా ఉండి, చనిపోయాక అందరూ బాధపడి తప్పు తెలుసుకున్నట్టు రాసిన పుస్తకమైతే ముందు మీరు చదివి, తర్వాత పక్కన కూర్చుని మాట్లాడండి. పాప నిద్ర, తిండి, ఫ్రెండ్స్‌తో కలవడం మామూలుగానే ఉన్నాయా చూసుకోండి. హఠాత్తుగా మారితే పుస్తకాన్ని తిట్టేలోపు వేరే ఏమన్నా జరిగిందా అని అడగండి, ఒక్కోసారి పిల్లలు తమకి జరిగినదాన్నే పుస్తకాల్లో వెతుక్కుంటారు.

ప్రశ్న: అక్కా, నా నవలలో హీరో ఫ్రెండ్, పదహారేళ్ళవాడు, చెయ్యని హత్య చేశానని పోలీసుల దగ్గర ఒప్పుకుంటాడు. చదివిన ఇద్దరూ "కొట్టకుండా ఎవడన్నా అలా ఒప్పుకుంటాడా, నమ్మబుద్ధి కావట్లేదు" అన్నారు. కొట్టినట్టు రాసెయ్యనా?

జవాబు: వద్దు. కొట్టకుండానే ఒప్పుకుంటారు, అదే అసలు భయంకరమైన విషయం. 1989లో న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో జరిగిన దాడి కేసులో పద్నాలుగు నుంచి పదహారేళ్ళ కుర్రాళ్ళు ఐదుగురిని పట్టుకుని గంటల తరబడి ప్రశ్నించారు, అందులో నలుగురు వీడియోలో నేరం ఒప్పుకున్నారు. ఐదుగురికీ శిక్ష పడింది. 2002లో అసలు చేసినవాడు ఒప్పుకోవడం, డీఎన్ఏ వాడిదే అని తేలడం, శిక్షలు కొట్టేయడం జరిగాయి. అప్పటికి ఆ పిల్లలు జైల్లోనే పెద్దవాళ్ళయ్యారు.

ఎందుకలా అంటే, ముందూ వెనకా ఆలోచించి తూకం వేసే మెదడు భాగం పూర్తిగా తయారయ్యేది ఇరవైల మధ్యలో. ఆ గదిలో పదహారేళ్ళవాడికి పదేళ్ళ జైలు ఒక ఊహ, ఇంటికెళ్ళడం మాత్రం కళ్ళముందున్న నిజం. నిద్రలేదు, అమ్మ బయట కూర్చుని ఉందంటున్నారు, "ఒక్కసారి చెప్పేస్తే అయిపోతుంది" అని మెత్తగా అంటున్నారు. కాసేపటికి వాడికే "నాకు గుర్తులేదేమో" అన్న అనుమానం మొదలవుతుంది. జ్ఞాపకం ఎంత మెత్తనిదో చూడు, 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ ఒక ప్రయోగం చేశారు. 150 మంది స్టూడెంట్స్‌కి కారు యాక్సిడెంట్ ఫిల్మ్ చూపించి, వేగం ఎంత అని అడిగేటప్పుడు 50 మందికి ప్రశ్నలో "ధడాల్న గుద్దేసుకున్నప్పుడు" లాంటి గట్టి మాట వాడారు, ఇంకో 50 మందికి "తగిలినప్పుడు" లాంటి మామూలు మాట, మిగతావాళ్ళని వేగం సంగతే అడగలేదు. వారం తర్వాత పగిలిన గాజు చూశారా అంటే మొదటి 50 మందిలో 16 మంది చూశామన్నారు, రెండో 50లో 7గురు. ఫిల్మ్‌లో అసలు గాజు ముక్కే లేదు. ఒక్క మాటకే అంత తేడా వస్తే, రాత్రంతా అదే మాట వింటున్న పిల్లాడి సంగతి ఆలోచించు.

కాబట్టి సీన్‌లో చెయ్యి ఎత్తొద్దు, టైం చూపించు. వాడి స్టేట్‌మెంట్‌లో ఒక వివరం పెట్టు, చనిపోయిన మనిషి చొక్కా రంగో, కిటికీ తెరిచి ఉండటమో, అది ముందు పోలీసాయన నోటి నుంచి ప్రశ్నలో వచ్చి ఉండాలి, తర్వాత వాడి నోటి నుంచి జవాబుగా రావాలి. పాఠకుడు గమనిస్తే గమనిస్తాడు. నీ హీరో ఆ కాగితం చదివినప్పుడు కచ్చితంగా గమనించాలి, ఎందుకంటే ఆ కిటికీ తెరిచింది తనే కదా, ఆ రాత్రి తను అక్కడ ఉన్నట్టు ఎవరికీ చెప్పలేదు కదా (నువ్వు పంపిన మొదటి చాప్టర్‌లో ఉంది). ఇప్పుడు నిజం చెప్తే ఫ్రెండ్ బయటికొస్తాడు, తను లోపలికెళ్తాడు. వాడి చేత వెంటనే చెప్పించెయ్యకు, మంచివాడని నిరూపించాలని తొందరపడకు. రెండు రోజులు ఆగనివ్వు, ఆ రెండు రోజులూ ఫ్రెండ్ వాళ్ళమ్మ వీడికి ఫోన్ చేస్తూ ఉండాలి, వీడు ఎత్తి "ఏం కాదు ఆంటీ" అంటూ ఉండాలి. అది రాసి పంపించు, చదువుతా.